కెరీర్ సెంటర్‌లో అరగంట: ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి?

#1 తొలిమెట్టు

అందరికీ నమస్కారం. డిగ్రీ మూడో ఏడు, స్టాటిస్టిక్స్. వచ్చే వారం కాలేజీ కెరీర్ సెంటర్‌లో (ఉద్యోగాల విషయంలో విద్యార్థులకు సలహాలిచ్చే విభాగం) 30 నిమిషాల అపాయింట్‌మెంట్ ఉంది, ఇదే మొదటిసారి. మూడు సందేహాలు. ఏం పట్టుకెళ్లాలి? ఏ ఉద్యోగం కావాలో ఇంకా తేల్చుకోనివాళ్లు వెళ్తే ఉపయోగం ఉంటుందా? రెజ్యూమే సగం పేజీ కూడా నిండలేదు. అలాగే చూపించొచ్చా, నింపాకే వెళ్లాలా?

#2 అరగంట_లెక్క

సగం పేజీతోనే వెళ్లండి. నిండిన రెజ్యూమే చూపిస్తే అడ్వైజర్ తప్పులు దిద్దుతారు. ఖాళీ ఉన్న రెజ్యూమే చూపిస్తే మీరు ఏమేం చేశారో అడిగి రాబడతారు. ఎదుటి మనిషి నిజంగా కావలసింది ఈ రెండో పనికే.

ఇక అరగంట సంగతి. పేరు, కోర్సు, ఎందుకొచ్చారు అన్న మాటలకే 5 నిమిషాలు పోతాయి. తర్వాత ఏం చెయ్యాలో రాసుకోవడానికి చివర్లో ఇంకో 5. మిగిలేది 20 నిమిషాలు. అందులో ఒక్క పనే సవ్యంగా అవుతుంది. రెజ్యూమే, ఇంటర్వ్యూ, పై చదువా ఉద్యోగమా అన్న ప్రశ్న మూడూ ఒకేసారి ముందు పెడితే మూడింటికీ పైపై మాటలే దొరుకుతాయి.

బుకింగ్ ఫారంలో ‘ఎందుకు కలవాలనుకుంటున్నారు’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది అక్కడ ‘కెరీర్ గైడెన్స్’ అని రెండు మాటలు రాసి వదిలేస్తారు. అడ్వైజర్ ముందుగా చూసుకునేది ఆ గడినే. అది ఖాళీగా ఉంటే వాళ్లు తయారుకాకుండానే కూర్చుంటారు, మీ మొదటి 10 నిమిషాలు ఆ తయారీకే పోతాయి. మీరు ఎక్కడున్నారు, ఆ రోజు ఏం తేలాలి, ఈ రెండూ రెండు వాక్యాల్లో రాయండి.

పట్టుకెళ్లాల్సినవి: రెజ్యూమే ప్రింటు ఒకటి, దాన్ని దిద్దడానికి వీలైన ఫైలు ఒకటి (పీడీఎఫ్ ఒక్కటే ఉంటే అక్కడికక్కడ మార్చలేరు), చదివిన కోర్సుల జాబితా, మీకు కాస్త నచ్చిన రెండు మూడు ఉద్యోగ ప్రకటనలు. ప్రకటనల లింకులు దాచుకుంటే సరిపోదు. గడువు అయిపోగానే ఆ పేజీ తీసేస్తారు, అపాయింట్‌మెంట్ రోజు తెరిస్తే ఖాళీ పేజీ వస్తుంది. మొత్తం పాఠం కాపీ చేసి ఒక ఫైల్లో పెట్టుకోండి, పైన తేదీ వెయ్యండి.

#3 దిక్సూచి

రెండో ప్రశ్నకు జవాబు నేను రాస్తాను. తేల్చుకోనివాళ్ల కోసమే ఈ వ్యవస్థ పుట్టింది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వృత్తి సలహా కేంద్రం తెరిచినప్పుడు ఆయన పెట్టుకున్న పద్ధతి మూడు మెట్లది: నిన్ను నువ్వు తెలుసుకో, పనులను తెలుసుకో, ఆ రెంటినీ కలిపి ఆలోచించు. ఇవాళ్టి అడ్వైజర్లు అడిగే ప్రశ్నల వెనకా చాలావరకు ఇదే వరస.

తేల్చుకోలేదంటే సాధారణంగా మీ చేతికి ఒక ఆసక్తుల పరీక్ష ఇస్తారు. వీటిలో చాలావాటికి మూలం 1959లో జాన్ హాలండ్ ప్రతిపాదించిన సిద్ధాంతం. పనులను, మనుషులను ఆయన ఆరు తరహాలుగా చూశారు: చేతులతో, పరికరాలతో చేసేవి; శోధించేవి; కొత్తగా సృష్టించేవి; మనుషులకు నేర్పేవి, తోడ్పడేవి; ఒప్పించేవి, నడిపించేవి; పద్ధతి ప్రకారం లెక్కలు, రికార్డులు చూసేవి. ఇవి ఒక షడ్భుజి మూలల్లో ఇదే వరసలో ఉంటాయి. పక్కపక్కనున్నవి పోలికగా ఉంటాయి, ఎదురెదురుగా ఉన్నవి బాగా వేరుగా ఉంటాయి. మీకు ఎక్కువ మార్కులు వచ్చిన మూడు తరహాల ఇంగ్లిష్ పేర్లలోని మొదటి అక్షరాలే మీ కోడ్.

ఇక్కడ జరిగే పొరపాట్లు ముందే తెలుసుకోండి. ఒకటి, ‘ఈ పని చెయ్యడం ఇష్టమా’ అని అడిగితే ‘నాకు వచ్చా, డబ్బులొస్తాయా’ అని ఆలోచించి టిక్కు పెట్టడం. ఆ పరీక్ష కొలిచేది ఇష్టాన్నే, సామర్థ్యాన్ని కాదు. అలా పెడితే వచ్చిన కోడ్ మీది కాదు. రెండు, ఆరింటికీ దాదాపు ఒకే మార్కులు రావడం. అప్పుడు ఆ మూడక్షరాలకు పెద్దగా అర్థం ఉండదు. మార్కుల్లో తేడా ఎంతుందో చూడకుండా కోడ్ ఒక్కటే రాసుకొచ్చి ఉద్యోగాల జాబితాలో వెతికితే దారి తప్పుతారు. ‘నా మార్కుల మధ్య తేడా తక్కువగా ఉంది, దీన్ని ఎలా చదవాలి’ అని నేరుగా అడగండి. చిన్నప్పటి నుంచి చూసిన పనులు తక్కువైతే కూడా మార్కులన్నీ చదునుగా వస్తాయి. అప్పుడు కావలసింది ఇంకో పరీక్ష కాదు, కొన్ని పనులను దగ్గరగా చూడటం.

దానికి ఒక కసరత్తు. అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ-నెట్ అనే ఉచిత డేటాబేస్‌లో ఒక్కో వృత్తిలో రోజువారీ ఏమేం చేస్తారో జాబితాగా ఉంటుంది. జీతాల అంకెలు ఆ దేశానివే కాబట్టి వాటిని వదిలేయండి, పనుల జాబితా మాత్రం ఎక్కడివాళ్లకైనా పనికొస్తుంది. మూడు వృత్తులు తీసుకోండి. ప్రతి పని పక్కన కూడిక గుర్తు (చేస్తాను), తీసివేత గుర్తు (చెయ్యలేను, వద్దు), ప్రశ్న గుర్తు (ఏమిటో తెలీదు) పెట్టండి. అడ్వైజర్ దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి. ప్రశ్న గుర్తులు ఎక్కువున్న వృత్తి గురించి ఎవరితోనైనా మాట్లాడాలి. తీసివేతలు ఎక్కువున్న వృత్తిని ఆ పేరు ఎంత బాగున్నా పక్కన పెట్టొచ్చు.

#4 తొలిమెట్టు

దిక్సూచి గారూ, ధన్యవాదాలు. ఆ కాగితం ఇవాళే మొదలుపెడతాను. రెజ్యూమేలో ప్రస్తుతం ఉన్న మూడు వాక్యాలు ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి.

1. కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ బాధ్యతలు చూశాను.
2. ఆర్ (స్టాటిస్టిక్స్‌కు వాడే ప్రోగ్రామింగ్ భాష) వాడి రీగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే పద్ధతి) ప్రాజెక్టు చేశాను.
3. ఎక్సెల్, ఆర్, పైథాన్, బృందంలో పనిచేయడం, నాయకత్వ లక్షణాలు.

#5 వాక్యం_చెక్కుడు

ఈ మూడింటిలోనూ సరుకుంది, వాక్యాలు దాన్ని కప్పేస్తున్నాయి. ఒక్కో వాక్యాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత? దేంతో? ఎక్కడ అడ్డం తగిలింది, దానికి ఏం చేశారు? చివరికి ఏం మారింది?

మొదటిదానికి ఈ వివరాలు ఇవ్వండి: ఎంతమంది పేర్లు నమోదయ్యాయి, ఎన్ని రోజులు, ఎన్ని బల్లలు, ఏ షీట్‌లో, ఏ ఇబ్బంది వచ్చింది. రెండోదానికి: డేటాలో ఎన్ని వరసలు, ఏ ప్రశ్నకు జవాబు వెతికారు, ఖాళీ విలువలను ఏం చేశారు, మోడల్‌ను దేంతో పోల్చారు.

మూడోది వాక్యం కాదు, పేర్ల వరస. ‘నాయకత్వ లక్షణాలు’ తీసేయండి. అది చదివినవాళ్లకు మీ గురించి ఏమీ తెలీదు, ఎందుకంటే ఎవరైనా రాయగలరు. ఎక్సెల్, ఆర్, పైథాన్ మూడూ ఒకే గాటన కట్టేస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు మూడింటిలోనూ ఒకే లోతు ఉందనుకుని అడుగుతారు. వాటిలో ఏది రోజూ వాడతారో, ఏది ఒక్క కోర్సులోనే ముట్టుకున్నారో వేరు చేసి రాయండి.

#6 తొలిమెట్టు

ఫెస్ట్: 2 రోజులు, 380 నమోదులు, 4 బల్లలు, గూగుల్ షీట్. కొందరు రెండుసార్లు నమోదు చేసుకున్నారు, అలాంటివి 27, ఫోన్ నంబర్ చూసి తీసేశాను. ప్రాజెక్టు: 1,200 వరసల డేటా, ఇళ్ల విద్యుత్ వాడకం. ఉష్ణోగ్రతకూ వాడకానికీ ఉన్న సంబంధం చూశాం. 90 వరసల్లో ఉష్ణోగ్రత లేదు. ఇద్దరం కలిసి చేశాం, డేటా శుభ్రం చేసే భాగం నాది.

#7 వాక్యం_చెక్కుడు

ఇప్పుడు చూడండి.

ముందు: ‘కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ బాధ్యతలు చూశాను.’

తర్వాత: ‘రెండు రోజుల ఫెస్ట్‌కు 4 బల్లల్లో జరిగిన 380 నమోదులను ఒకే షీట్‌లోకి తెచ్చి, ఫోన్ నంబర్ ఆధారంగా 27 రెండోసారి నమోదులను గుర్తించి తొలగించాను.’

ఇందులో ఒక్క గొప్ప మాట లేదు. డేటా ఉద్యోగానికి మనిషిని వెతికేవాళ్లకు మాత్రం ‘ఫోన్ నంబర్ ఆధారంగా’ అన్న చోట చూపు ఆగుతుంది. ఏ కాలమ్‌ను గుర్తుగా వాడాలో ఆలోచించిన మనిషి అని అక్కడే తెలుస్తుంది. పేరును గుర్తుగా పెడితే ఒకే పేరున్న ఇద్దరు మనుషులు ఒకరైపోతారు. ఇంటర్వ్యూలో ‘పేరు ఎందుకు వాడలేదు’ అని అడుగుతారు, ఆ జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ప్రాజెక్టు: ‘1,200 వరసల గృహ విద్యుత్ డేటాలో ఉష్ణోగ్రత లేని 90 వరసలను పరిశీలించి శుభ్రం చేశాను (ఆర్), ఇద్దరు సభ్యుల బృందంలో వాడకంపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని రీగ్రెషన్‌తో అంచనా వేశాం.’ మీ ఒక్కరి పని ‘చేశాను’, కలిసి చేసింది ‘వేశాం’. ఈ తేడా తప్పక ఉంచండి. ఇద్దరి పనిని ఒక్కరి పేరున రాస్తే, మీ భాగస్వామి కూడా అదే కంపెనీకి దరఖాస్తు పెట్టినరోజు ఇద్దరి రెజ్యూమేలూ పక్కపక్కన కనపడతాయి.

ఆ 90 వరసలను తీసేశారా, వేరే విలువతో నింపారా అన్నది కూడా ఒక్క మాటలో చేర్చండి. స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లు మొదట అడిగేది అదే.

అంకెల విషయంలో ఒక హెచ్చరిక. గుర్తులేని అంకె వెయ్యొద్దు, గుండ్రంగా పెంచొద్దు. అంకె లేకపోతే తరచుదనం రాయండి: ‘వారానికోసారి’, ‘సెమిస్టర్ అంతా’. అది కూడా కొలతే.

#8 సాదా_ఫైల్

రాసింది బాగున్నా ఫైలు పాడైతే చేరాల్సినచోటికి చేరదు. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో చాలావాటికి వెనక దరఖాస్తులను సేకరించి చూసే ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది మీ ఫైల్లోంచి పాఠాన్ని బయటికి తీసి గడుల్లో నింపుతుంది. ఆ తీసే చోట చిక్కులొస్తాయి.

ఇంట్లోనే పరీక్షించుకోండి. పీడీఎఫ్ తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి. అక్కడ ఏ వరసలో కనిపిస్తే యంత్రానికీ దాదాపు అదే వరసలో అందుతుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమ పక్క నైపుణ్యాలు, కుడి పక్క ప్రాజెక్టులు ఒకే లైన్లో కలిసిపోయి రావచ్చు. నైపుణ్యాన్ని చుక్కలతోనో పట్టీలతోనో చూపించిన చోట ఏమీ రాదు, అవి బొమ్మలు. ఫోన్, ఈమెయిల్ పేజీ హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ భాగాన్ని చదవవు, వాటిని మామూలు పాఠంలోనే మొదటి లైన్లుగా పెట్టండి. ప్రింటు తీసి స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే సెలెక్టే అవదు. అది పంపనే వద్దు.

ఒకే కాలమ్, మామూలు ఫాంటు, 10 నుంచి 12 పాయింట్లు, అందరూ వాడే శీర్షికలు (చదువు, అనుభవం, ప్రాజెక్టులు, నైపుణ్యాలు). ఫైలు పేరులో మీ పేరు ఉండాలి. ‘ఫైనల్2_కొత్తది’ అని పంపితే వాళ్ల ఫోల్డర్లో అది ఎవరిదో తెలీదు.

ఇంకో మాట. ‘యంత్రమే ఇంత శాతం రెజ్యూమేలను చెత్తబుట్టలో వేస్తుంది’ అని అంకెలతో తిరిగే ప్రచారాన్ని నమ్మి ప్రకటనలోని మాటలన్నీ తెల్ల రంగులో దాచిపెట్టకండి. పాఠంగా బయటికి తీస్తే రంగు పోతుంది, మాటలు మిగులుతాయి, చదివే మనిషికి మొత్తం కనపడుతుంది. నిజంగా యంత్రం దగ్గరే ఆగిపోయేది ఎక్కువగా దరఖాస్తు ఫారంలోని అవును-కాదు ప్రశ్నల దగ్గర: ఈ డిగ్రీ ఉందా, ఫలానా తేదీకి చేరగలరా, పనిచేసే అనుమతి ఉందా. వాటిని తొందరలో తప్పు నొక్కితే ఎంత మంచి రెజ్యూమే ఉన్నా ముందుకెళ్లదు.

#9 రెండో_బెంచీ

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఒక అడ్వైజర్ రెజ్యూమే పైన ‘లక్ష్యం’ అని రెండు లైన్లు పెట్టమంటారు, ఇంకొకరు తీసెయ్యమంటారు. ఎవరి మాట వినాలి?

#10 వాక్యం_చెక్కుడు

రంగం మారేటప్పుడు, లేదా డిగ్రీకీ ఉద్యోగానికీ పొంతన కనపడనప్పుడు ఆ రెండు లైన్లు పనికొస్తాయి. స్టాటిస్టిక్స్ విద్యార్థి డేటా ఇంటర్న్‌షిప్‌కి పెడితే అక్కర్లేదు, ఆ చోట్లో ఇంకో ప్రాజెక్టు వాక్యం పడుతుంది. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో ఎదగాలని’ రాసే లక్ష్యం మాత్రం ఏ సందర్భంలోనూ వద్దు.

#11 అరగంట_లెక్క

రెండో_బెంచీ గారి ప్రశ్న చాలామందికి వచ్చేదే. ఇద్దరు అడ్వైజర్లు వేర్వేరు మాట చెబితే ఇద్దరూ వేర్వేరు ఉద్యోగాన్ని మనసులో పెట్టుకున్నారని అర్థం. అందుకే ‘నా రెజ్యూమే ఎలా ఉంది’ అని కాకుండా ప్రకటన కాగితం పక్కన పెట్టి ‘ఈ ఉద్యోగానికి ఇది సరిపోతుందా’ అని అడగండి. ‘ఎందుకు మార్చమంటున్నారు’ అని కారణం కూడా రాసుకోండి. కారణం తెలిస్తే ఇంకో ఉద్యోగానికి ఆ మార్పు ఉంచాలో తీయాలో మీరే తేల్చగలరు.

పనిలో పనిగా, అన్నీ ఉన్న పెద్ద రెజ్యూమే ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అది ఎవరికీ పంపొద్దు. ఒక్కో దరఖాస్తుకు అందులోంచి ఏరి ఒక పేజీ కట్టుకోండి. విద్యార్థికి ఒక పేజీ చాలు. పరిశోధన వైపు అడిగే అకడమిక్ సీవీ అయితే లెక్క వేరు, అందులో ప్రచురణలు, ప్రజెంటేషన్లు అన్నీ రావాలి.

#12 ఎదురుకుర్చీ

మాక్ ఇంటర్వ్యూ (సాధన కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ) గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. కెరీర్ సెంటర్లలో తక్కువమంది వాడుకునేదీ, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే అని నా గట్టి అభిప్రాయం. రెజ్యూమేను స్నేహితులు కూడా దిద్దగలరు. ఎదురుగా కూర్చుని మొహమాటం లేకుండా రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వేసేవాళ్లు దొరకడం కష్టం.

బుక్ చేసేటప్పుడే ఉద్యోగ ప్రకటన, రెజ్యూమే పంపండి. పంపకపోతే ‘మీ గురించి చెప్పండి’ తరహా సాధారణ ప్రశ్నలే వస్తాయి. రికార్డ్ చెయ్యడానికి అనుమతి అడగండి.

అనుభవం మీద వేసే ప్రశ్నలకు (‘ఒక ఇబ్బందిని ఎలా దాటారో చెప్పండి’ లాంటివి) నాలుగు భాగాల జవాబు నేర్పుతారు: సందర్భం, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం. అందరూ దీన్ని నేర్చుకుంటారు, కొలత దగ్గర తప్పుతారు. రెండు నిమిషాల జవాబులో సందర్భానికే నిమిషంన్నర ఇచ్చేస్తారు. సందర్భం, బాధ్యత కలిపి 30 సెకన్లు దాటొద్దు. చేసిన పనికి ఒక నిమిషం పైన ఇవ్వండి. ఫలితానికి 20 సెకన్లు. చివర్లో ‘మళ్లీ చేస్తే ఇది మారుస్తాను’ అన్న ఒక్క వాక్యం ఉంటే తర్వాతి ప్రశ్న అక్కడికే వస్తుంది, అది మీకు తెలిసిన చోటే.

ఇంకో చిక్కు ‘మేము’. మన భాషలో ఏం చెప్పినా ‘చేశాం, అనుకున్నాం, పెట్టాం’ అని రావడం సహజం, మర్యాద కూడా. ఇంటర్వ్యూలో మాత్రం మీ వంతు ఏదో తేలదు. ‘బృందంగా ఇది చేశాం, అందులో నా భాగం ఇది’ అని ఒకసారి విడదీస్తే మర్యాదా పోదు, సంగతీ తేలుతుంది.

రికార్డింగ్ మూడుసార్లు చూడండి. ఒకసారి శబ్దం లేకుండా: చేతులు, చూపు. ఒకసారి బొమ్మ లేకుండా, మాట ఒక్కటే: వేగం, ‘అంటే… అంటే’లు. మూడోసారి ఒక్క జవాబును కాగితం మీద మాటకు మాట రాయండి. ఎక్కడ అర్థం లేకుండా సాగదీశారో రాస్తున్నప్పుడు చెయ్యి నొప్పితోనే తెలుస్తుంది.

ఇరవై ప్రశ్నలకు ఇరవై జవాబులు బట్టీ పట్టొద్దు. ఆరు సంఘటనలు చాలు. కాగితం మీద పైన సంఘటనలు, పక్కన అడిగే గుణాలు (గొడవ, పొరపాటు, గడువు, కొత్తది నేర్చుకోవడం, ఒప్పించడం) పెట్టి ఏది దేనికి పనికొస్తుందో టిక్కులు పెట్టండి. ఏ గుణం కింద టిక్కు లేదో ఆ సంఘటన ఒకటి వెతుక్కోండి. తొలిమెట్టు గారి 27 రెండోసారి నమోదులు ‘పొరపాటు’ కింద పడతాయి, ‘గడువు’ కిందా పడతాయి.

#13 రెండో_బెంచీ

మరి అడ్వైజర్‌కి మన రంగం గురించి ఏమీ తెలియకపోతే? బయోస్టాటిస్టిక్స్ (వైద్య, జీవశాస్త్ర డేటాకు వాడే స్టాటిస్టిక్స్) అంటే ఏమిటో నేనే వివరించాల్సి వచ్చేలా ఉంది.

#14 పలకరింపు

తెలియకపోవచ్చు. ఒక్కో అడ్వైజర్ పదుల సంఖ్యలో కోర్సుల విద్యార్థులను చూస్తారు. రంగం లోతు మీ అధ్యాపకుల దగ్గరుంటుంది. అడ్వైజర్ దగ్గర ఉండేది మనుషుల జాబితా. కాబట్టి అడగాల్సింది ‘బయోస్టాటిస్టిక్స్‌లో అవకాశాలేమిటి’ అని కాదు. ‘ఈ రంగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థులు ఎవరున్నారు, వాళ్లను పలకరించే పద్ధతి ఏమిటి’ అని.

తెలియని మనిషిని పలకరించడానికి చాలామంది జంకుతారు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అచ్చువేసిన అధ్యయనంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికిన 54 మందిని చూస్తే, ఆ తెలిసిన మనిషిని తరచుగా కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. చిన్న అధ్యయనమే. కారణం మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది: దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ చాలావరకు తెలిసే ఉంటుంది, కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది.

సందేశం ఇలా ఉండొచ్చు:

‘నమస్కారం. నేను ఫలానా కాలేజీలో స్టాటిస్టిక్స్ మూడో ఏడు చదువుతున్నాను. మీ వివరాలు మా పూర్వ విద్యార్థుల జాబితాలో చూశాను. క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పనిచేసేవాళ్లు రోజూ ఏం చేస్తారో తెలుసుకోవాలనుంది. వచ్చే రెండు వారాల్లో మీకు వీలైన రోజు 20 నిమిషాలు ఫోన్లో మాట్లాడగలరా? వీలు కాకపోయినా ఫరవాలేదు.’

ఇంతే. రెజ్యూమే జతచెయ్యొద్దు, ఉద్యోగం అడగొద్దు. అడిగిన క్షణంలో అవతలి మనిషి ముందున్న ప్రశ్న ‘20 నిమిషాలు ఇవ్వాలా’ నుంచి ‘ఉద్యోగం ఇప్పించాలా’కి మారిపోతుంది, జవాబు రాదు. జవాబు రాకపోతే వారం పది రోజులకు ఒక్కసారి గుర్తుచెయ్యండి, తర్వాత వదిలెయ్యండి.

మాట్లాడేటప్పుడు 20 నిమిషాలు అన్నారంటే 18వ నిమిషంలో మీరే గుర్తుచెయ్యండి. పొడిగించాలనుకుంటే వాళ్లే పొడిగిస్తారు. ‘నిన్న ఆఫీసులో పొద్దుట్నుంచి ఏమేం చేశారు’ అన్నది ‘మీ ఉద్యోగం ఎలా ఉంటుంది’ కన్నా వెయ్యి రెట్లు మంచి ప్రశ్న. చివరి ప్రశ్న: ‘ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుంది?’ మర్నాటిలోపు కృతజ్ఞతలు రాయండి, వాళ్లు చెప్పినదాంట్లో ఒక్క విషయం పేర్కొంటూ.

#15 గడువు_తేదీ

తేదీల గురించి కొన్ని మాటలు. కెరీర్ ఫెయిర్‌కు (కంపెనీలు విద్యార్థులను కలిసే ఉద్యోగ మేళా) ముందు వారం అపాయింట్‌మెంట్లు దొరకవు. మూడు నాలుగు వారాల ముందే బుక్ చేసుకోండి. దొరక్కపోతే చాలాచోట్ల ముందస్తు బుకింగ్ లేకుండా వెళ్లి 10, 15 నిమిషాలు మాట్లాడే సమయాలు ఉంటాయి, చిన్న ప్రశ్నలకు అవి చాలు. రాలేకపోతే ముందే రద్దు చెయ్యండి. చెప్పకుండా మానేస్తే కొన్ని కేంద్రాలు తర్వాతి బుకింగ్‌ను ఆపేస్తాయి, ఆ చోటు ఇంకో విద్యార్థికీ దక్కదు.

ఆఫర్ వచ్చాక కూడా వీళ్ల దగ్గరికి వెళ్లాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఒక ఆఫర్‌కు జవాబివ్వాల్సిన గడువు దగ్గర పడింది, ఇంకో చోట ఆఖరి రౌండ్ మిగిలింది అనుకోండి. గడువు దాటకముందే, రాతపూర్వకంగా, ఒక తేదీ పేర్కొంటూ పొడిగింపు అడగాలి: ‘ఆఫర్‌కు ధన్యవాదాలు. నిర్ణయం బాగా ఆలోచించి చెప్పాలనుకుంటున్నాను. ఫలానా తేదీ వరకు సమయం ఇవ్వగలరా?’ తేదీ లేకుండా ‘కొంచెం టైమ్ కావాలి’ అంటే వాళ్లు పైవాళ్లకు ఏం చెప్పాలో తెలీక కాదనేస్తారు. రెండో కంపెనీకి కూడా ‘ఫలానా తేదీకి నేను జవాబివ్వాలి, ఆలోపు ఫలితం చెప్పగలరా’ అని రాయొచ్చు.

ఒప్పుకున్నాక వెనక్కి తగ్గడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కెరీర్ సెంటర్ ద్వారా వచ్చిన ఆఫర్ అయితే ఆ కేంద్రం నియమాల్లో దానికి జరిమానా ఉండొచ్చు, మిగతా కంపెనీలకు పెట్టుకునే వీలు కూడా పోవచ్చు. సంతకానికి ముందే ఆ నియమాలు అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. ఉద్యోగం గురించిన దిగులు నిద్ర, తిండి మీదకు వస్తే అది కెరీర్ అడ్వైజర్ ఒక్కరితో తేలే విషయం కాదు. చాలా కాలేజీల్లో మానసిక ఆరోగ్య కౌన్సెలర్ విడిగా ఉంటారు. ఇద్దరినీ కలవొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

#16 తొలిమెట్టు

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. బుకింగ్ గడిలో ఇలా రాశాను, చూడండి:

‘స్టాటిస్టిక్స్ మూడో ఏడు. వేసవిలో డేటా ఇంటర్న్‌షిప్‌కి రెండు ప్రకటనలు ఎంచుకున్నాను, రెజ్యూమే వాటికి సరిపోతుందో లేదో తెలుసుకోవాలి, మాక్ ఇంటర్వ్యూ కూడా కావాలి, బయోస్టాటిస్టిక్స్ పూర్వ విద్యార్థుల వివరాలు కూడా.’

#17 అరగంట_లెక్క

మొదటి సగం బంగారం. ‘మాక్ ఇంటర్వ్యూ కూడా’ దగ్గర నుంచి తీసేయండి, అవి ఇంకో రెండు అపాయింట్‌మెంట్లు. ప్రకటనల్లో ముందు గడువు ఉన్నదాని తేదీ చేర్చండి, అప్పుడు దేంతో మొదలుపెట్టాలో వాళ్లకే తెలుస్తుంది.

#18 తొలిమెట్టు

‘స్టాటిస్టిక్స్ మూడో ఏడు. డేటా ఇంటర్న్‌షిప్ ప్రకటనలు రెండు జతచేశాను, మొదటిదానికి గడువు ఈ నెల 24. నా రెజ్యూమేలో ఆ ప్రకటన అడిగినవాటిలో ఏవి కనపడటం లేదో గుర్తించాలి.’

మాక్ ఇంటర్వ్యూకి ఆ తర్వాతి వారం విడిగా బుక్ చేశాను. ఆ 90 వరసలు తీసేశామని కూడా రెజ్యూమేలో రాశాను.

#19 వాక్యం_చెక్కుడు

తీసేశామంటే, ఎందుకు నింపలేదని అడుగుతారు. ఆ 90 వరసలు ఒకే నెలవా, ఏడాది పొడవునా చెదురుగా ఉన్నాయా అన్నది ఒకసారి డేటాలో చూసుకుని వెళ్లండి. ఒకే ఎండాకాలం నెలవైతే మీ ఫలితమే మారిపోవచ్చు.